పచ్చడి డబ్బాలో తెలుపు

మా అమ్మ మొహం తెల్లగా ఉండేది, చేతులు నల్లగా ఉండేవి. గడ్డం కింద, మెడ మొదలయ్యే చోట, సున్నం వేస్తూ మధ్యలో ఆపేసిన గోడలా రంగు మారిపోయేది. చిన్నప్పుడు నాకు ఇందులో వింతేమీ కనబడలేదు. పటాన్‌చెరులో మేం కిరాయికి ఉన్న గల్లీలో ఇంకా కొందరు ఆడవాళ్ళు అలాగే ఉండేవారు. అందరూ ఒకే మందుల కంపెనీకి, ఒకే బస్సులో పోయేవారు. సాయంత్రం షిఫ్టు బస్సు దిగేవాళ్ళను చూస్తే ఎవరిది ఏ సెక్షనో చెప్పేయొచ్చు. మాత్రల సెక్షను వాళ్ళు మామూలుగా ఉంటారు. క్రీము సెక్షను వాళ్ళకు మొహం ఒకరిది, చేతులు ఇంకొకరివి.

మా నాన్న ఇనుప గోదాములో హమాలీ. మూటలు మోసీ మోసీ భుజాలు కాయలు కాసిన మనిషి, కానీ నోరు మాత్రం ఖాళీగా ఉండేది కాదు. "మీ అమ్మ మొహానికి పట్నమొచ్చింది గని, చేతులకింకా రాలె" అనేవాడు. అమ్మ కోపం నటించేది. ఆ నటనలో కాస్త గర్వం ఉండేదని నాకు అప్పుడే తెలుసు.

మాది కొండాపూర్ మండలంలో ఒక ఊరు. సొంత భూమి లేదు. అమ్మ పెళ్ళయినప్పటి నుంచి పరుల చేలలో కలుపు తీసిన మనిషి. అలాంటి మనిషికి కంపెనీలో తెల్ల కోటు ఇచ్చారు, నెత్తికి టోపీ, మూతికి గుడ్డ, చేతులకు గ్లౌజులు ఇచ్చారు. లోపలికి పోయే ముందు సబ్బుతో చేతులు కడుక్కోమన్నారు. అమ్మకు ఉద్యోగం కంటే ఆ శుభ్రం మీదే మోజు. "దవాఖాన్ల గూడ గంత సాఫ్ ఉండదే" అని వచ్చిన చుట్టాలందరికీ చెప్పేది.

వాళ్ళ పని చర్మానికి రాసుకునే క్రీము ట్యూబులు సర్దడం. తామరకు, దురదకు డాక్టర్లు రాసే మందు అది. బెల్టు మీద ట్యూబులు వస్తుంటాయి. తోక సరిగా నొక్కుకోని వాటిని ఏరి పక్కనున్న డ్రమ్ములో వెయ్యాలి. సాయంత్రం వాటిని తీసుకుపోయి కాల్చేస్తారు. ఆ డ్రమ్ములోని క్రీము మొహానికి రాస్తే తెల్లబడుతుందని ఎవరు మొదట కనిపెట్టారో అమ్మకూ తెలియదు. తను చేరేనాటికే అది ఆ సెక్షనులో ఆచారం. అన్నం గంట కొట్టగానే గ్లౌజులు తీసేవాళ్ళు, డ్రమ్ములోంచి ఒక ట్యూబు తీసి, వేలితో ఇంత తీసుకుని, ఒకరి తర్వాత ఒకరు రాసుకునేవాళ్ళు. కొత్తగా చేరిన వాళ్ళకు ముందు పాతవాళ్ళే పూసేవాళ్ళు, పేరంటంలో పసుపు పూసినట్టు.

మొదట్లో అమ్మ వద్దన్నదట. మందు కదా, రోగం లేకుండా ఎందుకని. కానీ అన్నాల గదిలో చేతులు కడిగే దగ్గర గోడంత అద్దం ఉండేది. రోజూ వరుసగా అందులో కనబడే మొహాల్లో తనది ఒక్కటే వేరు. "అందర్ల నేనొక్కదాన్నే కాకి లెక్క కనవడుతుంటి" అని తర్వాత ఎప్పుడో చెప్పింది. నెల తిరక్కుండా అమ్మ కూడా వరుసలో కలిసిపోయింది. ఆ తర్వాత సెలవు రోజులకు కూడా ఉండాలని, టిఫిన్ డబ్బాలో పచ్చడి పెట్టుకునే చిన్న స్టీలు డబ్బా ఉంటుంది చూడండి, అందులో క్రీము నింపి ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. గేటు దగ్గర చెకింగ్ చేసే ఆమె సంచులు చూసేది, పచ్చడి డబ్బా మూత తీసి చూసేది కాదు. ఎంత కడిగినా ఆ డబ్బాకు మామిడికాయ వాసన పోలేదు. మా ఇంట్లో అందం అంటే నాకు ఆవపిండి వాసనే గుర్తొస్తుంది.

నేను అమ్మ చేతుల రంగులో పుట్టాను. గల్లీలో "నల్లపిల్లా" అని పిలిచేవాళ్ళు. బళ్ళో ఏవో పేర్లు పెట్టేవాళ్ళు. ఏడుపు వచ్చేది, మళ్ళీ సాయంత్రం ఆటల్లో పోయేది. ఎందుకంటే అన్న మాట అన్న దగ్గరే ఆగిపోయేది. అన్నవాడు మర్నాడు నా దగ్గరే రబ్బరు అడుక్కునేవాడు. అది అంతటితో సరి. మాట అలా పోకుండా ఒకచోట కూర్చుని ఉండిపోతుందని నాకు డిగ్రీలో చేరాకే తెలిసింది.

కాలేజీ సంగారెడ్డిలో. పటాన్‌చెరు నుంచి బస్సు పాసు. బస్సులో నా పక్కన ఎప్పుడూ ఒక అమ్మాయి కూర్చునేది. మా క్లాసే, మా స్టాపులోనే ఎక్కేది. మంచి పిల్ల. టిఫినులో సగం పెట్టేది, నోట్సులు ఇచ్చేది. వాళ్ళన్న దగ్గర డిజిటల్ కెమెరా ఉండేది, దాన్ని కాలేజీకి తెచ్చేది. సంగారెడ్డి బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కు నన్ను మొదట తీసుకుపోయిందీ ఆమే. ప్లైవుడ్ చెక్కలతో అరలు, ముందు ఒక పరదా, లోపల ఒక కుర్చీలో ఇద్దరం సర్దుకుని కూర్చునేవాళ్ళం. అప్పుడే ఫోటోలు పెట్టుకునే ఒక సైటు వచ్చింది. కాలేజీలో సగం మంది అందులో ఉన్నారు. మన పేరు మీద ఒక పేజీ, అందులో మన ఫోటోలు, వాటి కింద ఎవరైనా ఏమైనా రాయొచ్చు.

నెట్టు నత్తనడకన ఉండేది. ఫోటో ఒక్కసారిగా వచ్చేది కాదు, పై నుంచి కిందికి జెండా గుడ్డ విప్పినట్టు వచ్చేది. ముందు జుట్టు, తర్వాత నుదురు, తర్వాత కళ్ళు. మా క్లాసు అమ్మాయిలంతా స్టూడియోలో దిగిన ఫోటోలు పెట్టేవాళ్ళు. సంగారెడ్డిలో ఏ స్టూడియోకు పోయినా ఫోటో దిగాక అడిగే మొదటి మాట "తెల్లగ చెయ్యాల్నా అమ్మా?" అనే. కంప్యూటర్ మీద పెట్టి చర్మాన్ని గోడలా నున్నగా చేసి ఇచ్చేవాళ్ళు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. పొద్దున బస్సులో వాళ్ళ పక్కన నిలబడి వాళ్ళ మెడలు, మొటిమలు అన్నీ చూసేదాన్ని. అయినా సాయంత్రం ఆ అరలో కూర్చుంటే బస్సులో చూసిన మొహం మరిచిపోయి తెర మీది మొహాన్నే నమ్మేదాన్ని. ఇదేం బుద్ధో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కళ్ళు చూసింది అబద్ధం, కంప్యూటర్ చూపించింది నిజం.

ఆ ఏడు ఫ్రెషర్స్ పార్టీలో అందరం కలిసి ఒక ఫోటో దిగాం. నేను కుడిపక్క చివర. ఆకుపచ్చ పంజాబీ డ్రెస్సు, జడలో కనకాంబరాలు. ఆ రోజు నేను బాగున్నాననే అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, చాలా బాగున్నాననుకున్నాను. స్నేహితురాలు ఆ ఫోటో తన పేజీలో పెట్టింది. రెండు రోజుల తర్వాత చూద్దామని నేనొక్కదాన్నే నెట్ సెంటర్‌కు పోయాను. పై నుంచి మెల్లగా వచ్చింది. కింద రాతలు వచ్చాయి. పక్క సెక్షను అబ్బాయి ఒకడు రాశాడు, "కుడిపక్క చివర్ల కరెంటు పోయినట్టుంది, జెర లైటెయ్యుండ్రి" అని. దాని కింద నవ్వులు. ఒకరి తర్వాత ఒకరు నవ్వులు. ఆ నవ్వుల్లో నా పక్కన కూర్చునే పిల్ల నవ్వు కూడా ఉంది.

టైం అయిపోయిందని సెంటర్ ఆయన పరదా మీద కొట్టేదాకా నేను లేవలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చాను. మర్నాడు ఆ పిల్లను ఫోటో తీసెయ్యమని అడిగాను. "ఊకె మజాక్ చేసిండ్రు, నువ్వు గింత దానికే ఫీలయితవా? అందరున్న ఫోటో గదా, ఎట్ల తియ్యాలె" అంది. అంతే. ఫోటో ఆమెది, మాట వాడిది, మొహం మాత్రం నాది. తీసే హక్కు నాకు లేదు. నోటితో అంటే గాలికి పోయేది. ఇది ఎక్కడికీ పోలేదు. నేను నిద్రపోతున్నప్పుడు కూడా సంగారెడ్డిలోనో, పటాన్‌చెరులోనో ఎవరో పరదా వెనక కూర్చుని చూస్తూనే ఉంటారు. పోకూడదనుకుంటూనే వారం వారం పోయి చూసేదాన్ని. పోయిన ప్రతిసారీ ఇంకో నవ్వు పెరిగి ఉండేది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా మా అమ్మానాన్నలకు ఏమని చెప్పాలి? కంప్యూటర్‌లో నా ఫోటో కింద నవ్వుతున్నారంటే, కంప్యూటర్ కట్టెయ్యమనేవాళ్ళు. ఒక ఆదివారం అమ్మ బట్టలు ఉతుకుతున్నప్పుడు బియ్యం డ్రమ్ము వెనకున్న పచ్చడి డబ్బా తీశాను. అద్దం ముందు మూత తీస్తుండగానే అమ్మ తడి చేతులతో లోపలికి వచ్చింది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. డబ్బా చేతిలోంచి తీసుకుని, చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, ఉంగరపు వేలితో కొంచెం తీసి నా నుదుటి మీద, బుగ్గల మీద చుక్కలు పెట్టింది. "గింతంతనే పెట్టుకోవాలె. కండ్లల్ల పడనియ్యకు. మా చేతులతోని చేసిన మందే, భయం లేదు" అంది. బజారులో దొరికే క్రీముల్లో ఏం కలుపుతారో ఎవరికి తెలుసు, ఇదైతే తన కళ్ళ ముందు, టోపీలు పెట్టుకుని, గ్లౌజులు వేసుకుని చేసిన సరుకు. మా గల్లీలో ఆ కంపెనీ ఆడవాళ్ళందరి నమ్మకం అదే. బిడ్డకు పెట్టే అన్నం తన పొయ్యి మీద వండి పెట్టినట్టే అమ్మకు అది. అమ్మ వేళ్ళు నా మొహం మీద తిరుగుతుంటే, చాలా రోజుల తర్వాత నాకు సుఖంగా అనిపించింది.

తెల్లబడ్డాను. అబద్ధమెందుకు, తెలతెలవారినట్టు తెల్లబడ్డాను. మొటిమలు పోయాయి, చర్మం నున్నబడింది. ఊరికి పోతే అత్తలు గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూశారు. కాలేజీలో ఏం వాడుతున్నావంటే శనగపిండి అన్నాను. పాపం కొందరు నిజంగానే నెల రోజులు శనగపిండి పూసుకున్నారు. స్టూడియోకు పోయి ఫోటో దిగాను. ఆయన అలవాటుగా "తెల్లగ చెయ్యాల్నా అమ్మా?" అన్నాడు. అప్పటికే తెల్లగా ఉన్నదాన్ని, అయినా చెయ్యమన్నాను. ఆ ఫోటో నా పేజీలో పెట్టాను. కింద మంచి మాటలు వచ్చాయి. కరెంటు పోయిందన్నవాడే "సూపర్" అని రాశాడు. ఆ ఒక్క మాట కోసం నెట్ సెంటర్‌కు మళ్ళీ మళ్ళీ పోయాను. వాడంటే నాకు అసహ్యం, వాడి మెప్పంటే ఆకలి. రెండూ ఒకే కడుపులో ఎలా పట్టాయో.

నాన్న మాత్రం "ఇంట్ల ఇద్దరు దొరసానులైరి, నేను గోదాముల్నే పండుకుంట ఇగ" అని నవ్వేవాడు.

రెండో ఏడు ఎండాకాలంలో కంపెనీలో ఒకామె సంచీలో ట్యూబులు దొరికాయి. ఆమెను తీసేశారు. మర్నాటి నుంచి గేటు దగ్గర టిఫిన్ డబ్బాలు కూడా విప్పి చూడడం మొదలుపెట్టారు, డ్రమ్ముకు తాళం పడింది. అమ్మ ఖాళీ పచ్చడి డబ్బా తోమి బోర్లించింది. "పోనీ తియ్. గింత తెల్లగైనం, ఇగ చాలదా" అంది.

వారం గడవకముందే మొహం మండడం మొదలైంది. ముందు కళ్ళ కింద, తర్వాత బుగ్గలంతా. ఎర్రగా ఉబ్బి, చీము పొక్కులు లేచాయి. జొన్నరొట్టె చేద్దామని పొయ్యి దగ్గర కూర్చుంటే కారం పూసినట్టు మంట. ఎండలోకి పోతే మంట, చెమట పడితే మంట, ఏడిస్తే కన్నీళ్ళు పారిన చోటల్లా మంట. ఏడవడానికి కూడా వీలు లేకుండా పోయింది. బుగ్గల మీద సన్నటి వెంట్రుకలు పెరిగాయి, అది అన్నిటికంటే సిగ్గు. అమ్మ మొహమూ అంతే. తను తడి గుడ్డ వేసుకుని డ్యూటీకి పోయేది. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటుంటే నాన్న మా వైపు చూసేవాడు కాదు. ఆ రోజుల్లోనే మా నాన్న జోకులు ఆగిపోయాయి.

ఆగలేక మెడికల్ షాపుకు పోయాను. ఆ ట్యూబు పేరు చెప్పగానే షాపు అతను నా మొహం వైపు ఒకసారి చూసి, "మొహానికేనా?" అని మారు మాట లేకుండా ఇచ్చాడు. దాని మీద డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఇంగ్లీషులో రాసి ఉంది. డిగ్రీ చదువుతున్నదాన్ని, చదివాను. చదివి, మూత తీసి, అక్కడే షాపు పక్క సందులో రాసుకున్నాను. గంటలో మంట చల్లారింది. ఆ చల్లదనంలో నాకు ఒక విషయం తెలిసింది. నేను ఇక అందం కోసం రాసుకోవడం లేదు. మామూలు మనిషిలా ఉండడానికి రాసుకుంటున్నాను. ఆపితే మంట, రాస్తే చల్లన. ప్రతిసారీ చల్లన తగ్గుతోంది, మంట పెరుగుతోంది. నా మొహం నా చేతిలో లేదు.

చివరికి నాన్నే బలవంతంగా ఇద్దరినీ సంగారెడ్డి పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. చర్మం డాక్టరమ్మ గది ముందు పెద్ద లైను. మా వంతు వచ్చేసరికి ఆమె అలసిపోయి ఉంది. చీటీ నా పేరు మీద ఉంది, కానీ ఆమె ముందు అమ్మ మొహం చూసింది, తర్వాత అమ్మ చేతులు చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది. ఏం రాస్తున్నారని అడగలేదు, ఎన్నేళ్ళ నుంచి రాస్తున్నారని అడిగింది. అమ్మ తన కంపెనీ సంగతి, డ్రమ్ము సంగతి, పచ్చడి డబ్బా సంగతి అన్నీ చెప్పింది. దాచుకునే ఓపిక కూడా లేదు అమ్మకు.

డాక్టరమ్మకు కోపం వచ్చింది. ఆ మందు ఊరికే తగలకూడదనే కదా కంపెనీ వాళ్ళు గ్లౌజులు ఇచ్చేది, మీకు గ్లౌజులు ఇవ్వలేదా అని గట్టిగా అడిగింది.

"ఇచ్చిండ్రు మేడం" అంది అమ్మ. "మా చేతులు తగిలితే మందు ఖరాబైతదని ఇచ్చిండ్రు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. నాకు ఆ మాట వినగానే అమ్మ మీద జాలి, కోపం, ఇంకేదో పేరు తెలియనిది ఒకేసారి వచ్చాయి. అన్నేళ్ళూ అమ్మ ఆ గ్లౌజులు అలా తొడుక్కుంది. తనే మురికి, మందే శుభ్రం అనుకుంది. ఎవరూ కాదని చెప్పలేదు. కలుపు తీసి వచ్చిన చేతులు కదా, అలా అనుకోకపోతేనే ఆశ్చర్యం.

డాక్టరమ్మ గొంతు తగ్గించి చెప్పింది, ఇద్దరూ ఆపెయ్యాలని. ఆపితే ఇప్పటికంటే ఎక్కువవుతుందట, నెలల తరబడి ఉంటుందట. పాత రంగు ఎలాగూ రాదు, తెలుపూ ఉండదు, మచ్చలు మచ్చలుగా ఉండొచ్చట. "మొహం అడుగుతుందమ్మా, ఇవ్వొద్దు" అంది. మందులు కొన్ని రాసింది. బయటికి వస్తూ నాన్న, ఇంకేదైనా సూది ఉంటే వేయించుకుందామా అని మెల్లగా అడిగాడు. అలాంటి సూది లేదని డాక్టరమ్మ చెప్పడం అప్పటికే విన్నాడు. అయినా అడిగాడు.

నేను ఆపాను. ఎలా ఆపానో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గదిలో పడి ఉన్నాను, తడి గుడ్డ మార్చుకుంటూ. నెట్ సెంటర్ మాట ఎత్తలేదు. అమ్మ కూడా కొన్నాళ్ళు ఆపింది. కానీ అమ్మకు డ్యూటీ ఉంది, డ్యూటీలో అద్దం ఉంది. తోటివాళ్ళు కూడా కొనుక్కుని రాసుకుంటూనే ఉన్నారు. ఒకరోజు బోర్లించి ఉండాల్సిన పచ్చడి డబ్బా బియ్యం డ్రమ్ము వెనక మళ్ళీ నిలబడి ఉంది, లోపల మెడికల్ షాపు ట్యూబు. పారేశాను. తర్వాత ఇంకోటి వచ్చింది. అదీ పారేశాను. "నా మొహం ఎవరు చూస్తరే, మంటకోసమే పెట్టుకుంటున్న" అంది. కొన్నాళ్ళకు పారెయ్యడం మానేశాను. ఆమె బాధ నాకు తెలుసు కాబట్టి గట్టిగా తిట్టలేకపోయాను.

మొహం ఇంకా తేరుకోకముందే పరీక్షలు వచ్చాయి. మొహానికి స్కార్ఫు కట్టుకుని పోయాను. ఆ రోజుల్లో దుమ్ముకని, ఎండకని అమ్మాయిలంతా కట్టుకునేవాళ్ళు, అదొక అదృష్టం. హాల్లో కూర్చున్నాక ఇన్విజిలేటర్ స్కార్ఫు తియ్యమన్నాడు. తీశాను. హాల్ టికెట్ మీద నా స్టూడియో ఫోటో, పాల మీగడలా. ఆయన ఫోటో చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు.

"ఇది నువ్వేనా అమ్మా?"

నేనూ హాల్ టికెట్ వైపు చూశాను. అది నేనేనా? హాలంతా తల తిప్పి చూస్తోంది. ఇన్నాళ్ళూ ఎవరి కళ్ళ కోసం ఇదంతా చేశానో ఆ కళ్ళన్నీ ఇప్పుడు నా మొహం మీదే ఉన్నాయి. ఆయన ఇంకో సారును పిలిచాడు. ఇద్దరూ కలిసి పోల్చి చూస్తున్నారు. అప్పుడు వెనక బెంచీలోంచి బస్సులో నా పక్కన కూర్చునే పిల్ల లేచి నిలబడింది. "ఆమెనే సార్. మా క్లాసే, రోజు నా పక్కన్నే కూసుంటది" అంది. సార్లు ఇద్దరూ ఏదో రాసుకుని నన్ను పరీక్ష రాయనిచ్చారు.

చివరి పరీక్ష రోజు ఆ పిల్ల నన్ను గేటు దగ్గర ఆపింది. ఎప్పటి నుంచో చెప్పాలనుకుంటున్నానని, కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. ఆ ఫ్రెషర్స్ పార్టీ ఫోటో తన పేజీలోంచి తీసేసిందట. ఇంట్లో కంప్యూటర్‌లోంచి కూడా తీసేసిందట. "ఎక్కడా లేకుంట చేసిన. ఇగ ఎవ్వరు చూడరు, నువ్వు రంది పడకు" అంది. నేను రెండేళ్ళ కింద బతిమాలిన పని అది. థాంక్స్ చెప్పాను, ఆమె చెయ్యి పట్టుకున్నాను. బస్సులో సగం దూరం పోయాక గానీ నాకు తట్టలేదు, ఆ క్రీము పెట్టకముందు నా మొహం సరిగ్గా కనబడే ఫోటో అదొక్కటేనని.

వెతికాను. బడిలో దిగిన గ్రూపు ఫోటోలో ముందు పిల్ల భుజం వెనక సగం దాగి ఉన్నాను. పాత బస్సు పాసు మీద సరిగ్గా మొహం నడుమ ముద్ర పడి ఉంది. మిగతావన్నీ తెల్లబడ్డాక దిగినవే. ఊళ్ళో మా వాళ్ళకు ఫోటోలు దిగే అలవాటు లేదు. తర్వాత కొన్నేళ్ళకు ఆ సైటే మూతపడింది. అందులోని నవ్వులన్నీ పోయాయి, వాటితో పాటే ఆకుపచ్చ డ్రెస్సు, కనకాంబరాలు కూడా. ఆ ఫోటో ఇంకోసారి చూడాలని నాకు ఎంత కోరికో చెప్పలేను. కింద ఎన్ని నవ్వులున్నా సరే. నిజంగా అంత చీకటిగా ఉన్నానా, లేక ఆ రోజు నేననుకున్నట్టు బాగానే ఉన్నానా, అది ఒక్కటి తెలుసుకోవాలని. ఇప్పుడు నా మొహం మీద మచ్చలు మచ్చలుగా ఉన్న రంగు, తెలుపూ కాదు, నలుపూ కాదు. దాన్ని చూసి ఏదీ ఊహించుకోలేను.

అమ్మ ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటుంది. చర్మం పలచబడి, బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు పైకి కనబడతాయి. ఎండాకాలంలో నేనే చల్లటి నీళ్ళతో ఆమె మొహం అద్దుతాను. మొన్న అలా అద్దుతూ అడిగాను, క్రీము పెట్టకముందు నేను ఎట్లుండేదాన్ని అని.

"నా లెక్కనే ఉంటుంటివి" అంది అమ్మ.

నేను ఆమె మొహం వైపు చూశాను. అక్కడ చూడడానికి ఏమీ లేదని ఆమెకూ తెలుసు. తర్వాత ఒడిలోంచి రెండు చేతులూ తీసి, నా ముందు చాపి, అటూ ఇటూ తిప్పి చూపించింది. అన్నేళ్ళు గ్లౌజుల్లో ఉన్న చేతులు, వేలి కొసకు తప్ప ఏ మందూ అంటని చేతులు.

"ఇగో, గిట్లుంటుంటివి" అంది.

తువ్వాలు పక్కన పెట్టి ఆ చేతులు పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మంచి రంగు. దాన్ని కాదనడానికి నాకు ఒక్క కారణం కూడా కనబడలేదు.